కండ పెంచడానికి ఫుడ్ డైరీ: ఏం రాయాలి, ఎలా తూచాలి, వారం చివర ఏం తేల్చాలి

"వర్కవుట్ మానడం లేదు, తిండి కూడా బాగానే తింటున్నాను, అయినా బరువు కదలడం లేదు." ఇలా అడిగేవారిని తిరిగి అడగాల్సింది ఒక్కటే: బాగానే అంటే ఎంత? చాలామంది దగ్గర ఈ ప్రశ్నకు అంకె ఉండదు. సన్నగా ఉండేవారికి తిన్నదానికంటే ఎక్కువ తిన్నట్టు అనిపిస్తుంది. ఒళ్లు తొందరగా వచ్చేవారికి తక్కువే తిన్నట్టు అనిపిస్తుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. తిన్నది కొలతగా గుర్తుండదు, అంతే.

వచ్చే వారం తిండి పెంచాలా, తగ్గించాలా, అలాగే ఉంచాలా అన్నది తేల్చడమే ఫుడ్ డైరీ పని. అందుకోసం ప్రతి మెతుకునూ లెక్కపెట్టనక్కర్లేదు. కానీ రోజూ ఒకే పద్ధతిలో రాయాలి. రోజూ ఒకేలా జరిగే తప్పు వారం లెక్కలో సర్దుకుపోతుంది. ఈరోజు నూనె రాసి రేపు వదిలేస్తే, ఈరోజు బియ్యం తూచి రేపు అన్నం తూస్తే మాత్రం ఆ పేజీలు ఎందుకూ పనికిరావు. కింద చెప్పిన ప్రతి అడుగూ ఈ ఒక్క విషయం కోసమే.

ఎవరు ఆగాలి: కిడ్నీ జబ్బు ఉన్నవారు, షుగర్ మందులు వాడుతున్నవారు, గర్భిణులు ప్రొటీన్, కేలరీల లక్ష్యాలు పెట్టుకునే ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. తిండి విషయంలో గతంలో మానసికంగా ఇబ్బంది పడినవారికి, అంటే తిన్నాక అపరాధ భావం, కావాలని వాంతి చేసుకోవడం, రోజుల తరబడి మాడడం వంటివి ఉన్నవారికి, అంకెలు రాసుకోవడం మేలు కంటే కీడే చేయవచ్చు. వారు డైరీ జోలికి వెళ్లకుండా ముందు నిపుణుల సాయం తీసుకోవడం మంచిది.

1. ముందుగా సమకూర్చుకోవాల్సినవి

☐ డిజిటల్ కిచెన్ స్కేల్. 1 గ్రాము తేడా చూపాలి, 5 కిలోల దాకా తూచాలి, గిన్నె పెట్టాక సున్నా చేసే టేర్ బటన్ ఉండాలి. 5 కిలోలు ఎందుకంటే కూర ఉన్న గిన్నెను మొత్తంగా తూచాల్సి వస్తుంది.
☐ ఒంటి బరువు చూసుకునే స్కేల్. 100 గ్రాముల తేడా చూపితే చాలు.
☐ మెత్తటి కొలత టేపు, నడుము కోసం.
☐ నోట్‌బుక్ లేదా యాప్. ఏదో ఒకటే వాడండి.
☐ జిమ్‌లో ఎత్తిన బరువులు, రెప్స్ (ఆగకుండా ఎన్నిసార్లు ఎత్తారో ఆ లెక్క) రాసుకునే చోటు.

చివరిది ఎక్కువమంది వదిలేస్తారు. ఒంటి బరువు పెరిగినంత మాత్రాన కండ పెరిగినట్టు కాదు. అదే వ్యాయామంలో, అదే ఫామ్‌లో (చేసే తీరులో), బరువో రెప్సో పెరుగుతున్నాయా అన్నది పక్కనే కనబడాలి. లేకపోతే డైరీ సగం కథే చెబుతుంది.

స్కేల్‌ను గట్టిగా, సమంగా ఉన్న బల్ల మీద పెట్టండి. ఒకే వస్తువును మూడుసార్లు తీసి పెట్టి తూచండి. 1–2 గ్రాములకు మించి తేడా వస్తుంటే బ్యాటరీ మార్చండి, బల్ల మార్చండి. అప్పటికీ కుదరకపోతే స్కేలే మార్చాలి.

నోట్‌బుక్ మంచిదా, యాప్ మంచిదా? కూడికలు యాప్ చేస్తుంది, అది నిజమైన సౌకర్యం. కానీ చాలా యాప్‌లలోని ఆహారాల జాబితాలో వాడుకరులే ఎక్కించిన వివరాలు కలిసి ఉంటాయి, వాటిలో తప్పులు ఎక్కువ. ఏ వివరాన్నైనా మొదటిసారి వాడేటప్పుడు ఒక చిన్న పరీక్ష చేయండి. ప్రొటీన్ గ్రాములను 4తో, పిండి పదార్థాలను 4తో, కొవ్వును 9తో గుణించి కూడండి. వచ్చిన మొత్తం, అక్కడ చూపిన కేలరీలకు దగ్గరగా ఉండాలి. పీచు ఎక్కువున్న పదార్థాల్లో కొంత తేడా సహజం. 100 చోట 200 చూపిస్తుంటే మాత్రం దాన్ని వదిలేసి, సరైన అంకెలతో మీ సొంత జాబితాలో ఎక్కించుకోండి.

2. పేజీ ఎలా గీయాలి

రోజుకు ఒక పేజీ. నిలువు గడులు ఇవి చాలు:

– టైం
– పదార్థం
– పచ్చిదా, వండినదా
– గ్రాములు
– ప్రొటీన్
– కేలరీలు
– గమనిక

పిండి పదార్థాలు, కొవ్వు కూడా రాస్తే మంచిదే. కానీ నోట్‌బుక్‌లో చేత్తో రాసేవారు మొదటి నెల ప్రొటీన్, కేలరీలతో సరిపెట్టుకోవచ్చు. గడులు ఎక్కువైతే రెండో వారానికే విసుగొస్తుంది.

పేజీ పైన ఉదయం బరువు, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, ఈరోజు వర్కవుట్ ఉందా లేదా అన్నవి ఒక వరసలో రాయండి. పేజీ అడుగున రోజు మొత్తం. దాని పక్కన ఒక గుర్తు: పూర్తిగా రాసిన రోజైతే "పూ", ఏదైనా వదిలేసిన రోజైతే "అ" (అసంపూర్ణం). ఈ గుర్తు లేకపోతే వారం సగటు తప్పుతుంది. రాత్రి భోజనం రాయని రోజును 1,500 కేలరీల రోజుగా కలిపేస్తే, తిండి తక్కువైందని పొరబడి అనవసరంగా పెంచేస్తారు.

గమనిక గడిలో ఆకలి, కడుపు ఉబ్బరం, బయట తిండి, వర్కవుట్‌లో నీరసం వంటివి రెండు మూడు మాటల్లో రాయండి. తినడం కష్టమవుతున్న చోటు ఎక్కడో తర్వాత దీన్ని బట్టే తెలుస్తుంది.

3. మొదటి 14 రోజులు: తిండి మార్చకండి, రాయండి

లక్ష్యాలు పెట్టుకోవడానికి ముందు, ఇప్పుడు తింటున్నదెంతో తెలియాలి. బరువు, ఎత్తు, వయసు ఇస్తే రోజుకెన్ని కేలరీలు కావాలో చెప్పే సూత్రాలున్నాయి. 1990లో వచ్చిన మిఫ్లిన్–సెయింట్ జోర్ సూత్రం వాటిలో బాగా వాడుకలో ఉన్నది. కానీ అవి చెప్పేది సగటు మనిషి గురించి. మీ ఒంటికి సంబంధించిన అంకెను మీ రెండు వారాల డైరీయే ఇస్తుంది.

వరస ఇలా:

☐ రోజూ ఉదయం, టాయిలెట్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినక తాగక ముందు, ఒకే రకం తేలికపాటి బట్టలతో బరువు చూసుకోండి.
☐ తిన్నదంతా తూచి రాయండి. సెలవు రోజులు, విందులు కూడా.
☐ కేలరీలు తక్కువయ్యాయనో ఎక్కువయ్యాయనో ఏదీ మార్చకండి.
☐ వ్యాయామం ఎప్పటిలాగే చేయండి.

14 రోజుల తర్వాత మూడు సగటులు తీయండి: రోజు కేలరీల సగటు, మొదటి వారం బరువు సగటు, రెండో వారం బరువు సగటు. రెండు వారాల సగటు బరువుల తేడా 0.2 కిలోల లోపుంటే బరువు నిలకడగా ఉన్నట్టే లెక్క. అప్పుడు మీ కేలరీల సగటే బరువును నిలబెట్టే అంకె, అంటే నిలకడ అంకె.

బరువు అంతకంటే కదిలితే ఉజ్జాయింపు లెక్క ఇది: ఒంట్లో ఒక కిలో తేడాకు సుమారు 7,700 కేలరీలు. సగటు బరువు వారంలో 0.3 కిలోలు పెరిగిందనుకుందాం. 0.3 × 7,700 = 2,310, దాన్ని 7తో భాగిస్తే రోజుకు 330. అంటే మీరు అవసరానికి మించి రోజుకు దాదాపు అంత తింటున్నారు. సగటు నుంచి దాన్ని తీసేయండి. తగ్గితే కలపండి. నీటి బరువు వల్ల ఈ లెక్కలో తేడా ఉంటుంది, కాబట్టి వచ్చిన అంకెను దగ్గరి 50కి సవరించి మొదలుపెడితే చాలు. మిగతాది వారం లెక్కలో తేలుతుంది.

డైరీ మొదలుపెట్టగానే తిండి దానంతటదే మారిపోవడం ఇక్కడ ఎదురయ్యే పెద్ద చిక్కు. రాయాల్సి వస్తుందని చిరుతిండి మానేస్తారు, లేదా అంకె బాగుండాలని గుడ్లు పెంచుతారు. ఈ 14 రోజులు ఎవరికీ చూపించకండి.

4. తూచడం: లెక్కలు ఇక్కడే తప్పుతాయి

4.1 పచ్చిదా, వండినదా

100 గ్రాముల బియ్యంలో సుమారు 360 కేలరీలు. 100 గ్రాముల అన్నంలో సుమారు 130. ఉడికేటప్పుడు బియ్యం నీళ్లు పీల్చి రెండున్నర నుంచి మూడు రెట్లు బరువెక్కుతుంది. 200 గ్రాముల అన్నం తిని యాప్‌లో బియ్యం వివరం ఎంచుకుంటే 260 బదులు 720 అని పడుతుంది. తేడా 460. కండ కోసం రోజూ అదనంగా తినాలనుకునే మొత్తాన్ని ఈ ఒక్క పొరపాటే దాదాపు మింగేయగలదు.

మాంసంలో ఇది తిరగబడుతుంది. వేడికి నీరు పోయి బరువు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. చర్మం తీసిన పచ్చి చికెన్ బ్రెస్ట్ 100 గ్రాములకు ప్రొటీన్ 22 గ్రాములు, వండాక 100 గ్రాములకు 31. వండిన 200 గ్రాములను పచ్చి వివరంతో రాస్తే 62 బదులు 44 గ్రాములే లెక్కలోకి వస్తాయి.

వీలైనంత వరకు పచ్చిగా ఉన్నప్పుడే తూచండి. వండిన బరువు, నీళ్లు ఎన్ని పోశారు, ఎంతసేపు ఉడికింది అన్నదాన్ని బట్టి మారుతుంది. పచ్చి బరువు మారదు.

4.2 ఒకే గిన్నెలో అందరికీ వండినప్పుడు

ఇంట్లో విడిగా వండుకోవడం అందరికీ కుదరదు, అవసరమూ లేదు.

– గిన్నెలను ఖాళీగా ఒకసారి తూచి, బరువులను డైరీ వెనక పేజీలో రాసి ఉంచుకోండి.
– వేసే ప్రతి పదార్థాన్నీ పచ్చిగా తూచి రాయండి.
– వండాక గిన్నెతో సహా తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేయండి. అది కూర మొత్తం బరువు.
– మీ పళ్లెంలోకి వచ్చినదాన్ని తూచండి. మీ వాటా, మొత్తంలో ఎన్నో వంతో అన్ని అంకెల్లో అన్నో వంతు మీది.

ఉదాహరణకు, 500 గ్రాముల పచ్చి చికెన్ బ్రెస్ట్, 20 గ్రాముల నూనె, 150 గ్రాముల ఉల్లి, టమాటా వేశారు. కేలరీలు: 600 + 180 + 50 = 830. ప్రొటీన్ సుమారు 110 గ్రాములు. వండాక కూర బరువు 540 గ్రాములు. మీరు వేసుకున్నది 180, అంటే మూడో వంతు. మీ లెక్కలో 277 కేలరీలు, 37 గ్రాముల ప్రొటీన్. ముక్కలు మీకు ఎక్కువ, గ్రేవీ ఇంకొకరికి ఎక్కువ వచ్చి ఉండొచ్చు. వారం మొత్తంలో అది సర్దుకుంటుంది, పట్టించుకోకండి. ముక్కలు మాత్రమే ఏరుకుని తినే అలవాటుంటే పచ్చి ముక్కలను విడిగా తూచి గుర్తుపెట్టుకోవాలి.

అన్నానికీ ఇదే. 300 గ్రాముల బియ్యం ఉడికి 820 గ్రాములైంది, మీరు 280 గ్రాములు పెట్టుకున్నారు. 280 ÷ 820 × 300 = 102 గ్రాముల బియ్యం. అంటే 370 కేలరీలు, 7 గ్రాముల ప్రొటీన్.

4.3 నూనె, వెన్న, నట్ బటర్లు

ఒక టీస్పూన్ నూనె 40 కేలరీలు, ఒక టేబుల్ స్పూన్ సుమారు 120. రోజుకు రెండుసార్లు 15 గ్రాముల చొప్పున రాయకుండా వదిలేస్తే 270 కేలరీలు మాయమైనట్టే.

స్పూన్‌తో కొలిస్తే ప్రతిసారీ తేడా వస్తుంది. మంచి పద్ధతి సీసానే తూచడం. నూనె సీసాను స్కేల్ మీద పెట్టి టేర్ నొక్కండి. తీసి, కావలసినంత పోసుకుని, మళ్లీ స్కేల్ మీద పెట్టండి. మైనస్ 13 అని చూపితే 13 గ్రాములు వాడినట్టు. పీనట్ బటర్ డబ్బా, జామ్ సీసా, ప్రొటీన్ పౌడర్ డబ్బా అన్నీ ఇలాగే. కడగాల్సిన చెంచాలూ గిన్నెలూ తగ్గుతాయి, కాబట్టి ఈ పద్ధతి మానేయాలనిపించదు. ఒక జాగ్రత్త: స్కేల్ మీదున్న గిన్నెలోకి నూనెను చుక్కలు చుక్కలుగా పోస్తే చాలా స్కేళ్లు ఆ పెరుగుదలను పట్టుకోలేవు. అందుకే తీసి, పోసి, మళ్లీ పెట్టడం.

డీప్ ఫ్రై చేసినప్పుడు మూకుడును నూనెతో సహా ముందు, వేయించాక తూస్తే తేడా ఎంతో కొంత తెలుస్తుంది. పదార్థంలోంచి నీరు పోవడం, తునకలు నూనెలో మిగలడం వల్ల ఇది ఖచ్చితం కాదు. అలాంటివి వారానికి ఒకటి రెండుసార్లైతే ఉజ్జాయింపు చాలు.

4.4 ప్యాకెట్ లేబుల్

☐ అంకెలు 100 గ్రాములకా, ఒక సర్వింగ్‌కా?
☐ ఆ సర్వింగ్ ఎన్ని గ్రాములు? మీరు తిన్నది అంతేనా?
☐ కేలరీలా, కిలోజౌల్సా? కిలోజౌల్స్‌ను 4.184తో భాగిస్తే కేలరీలు వస్తాయి.
☐ అంకెలు పొడి మిక్స్‌కా, పాలు కలిపి తయారుచేశాకా?

ప్రొటీన్ పౌడర్ స్కూప్ విషయంలో ఒక మాట. 30 గ్రాముల స్కూప్ అంటే 30 గ్రాముల ప్రొటీన్ కాదు, లేబుల్‌ను బట్టి అందులో 20–25 ఉండొచ్చు. స్కూప్ నొక్కి నింపితే ఒక బరువు, వదులుగా నింపితే ఇంకో బరువు. తూచండి. చికెన్ 100 గ్రాములు తిని 100 గ్రాముల ప్రొటీన్ తిన్నామనుకోవడం కూడా ఇలాంటి పొరపాటే.

4.5 తూచలేని చోట

బయట తిన్నప్పుడు తినడానికి ముందే ఫొటో తీయండి, పళ్లెం పక్కన చెంచానో ఫోర్కో కనబడేలా. ఇంటికొచ్చాక అదే పరిమాణంలో ఇంట్లో తూచి రాసుకున్న వంటతో పోల్చి అంచనా వేయండి. నూనె మాత్రం ఇంటి వంటలో కంటే ఒక టేబుల్ స్పూన్ ఎక్కువ వేసుకోండి. ఆ వరస పక్కన "అంచనా" అని రాయండి. వారంలో రెండు మూడు పూటల అంచనాలు లెక్కను చెడగొట్టవు. రోజుకు రెండు పూటలూ బయటే తినేవారు మాత్రం రెండు మూడు స్థిరమైన వంటకాలను ఎంచుకుని, ప్రతిసారీ అదే అంకె రాసుకోవడం మేలు. అంకె కొంచెం తప్పైనా రోజూ అదే తప్పు కాబట్టి పోలిక నిలుస్తుంది.

4.6 తరచూ వాడే అంకెలు

ఇవి ఉజ్జాయింపులు. లేబుల్ ఉంటే లేబులే చూడండి.

– ఓట్స్, పొడివి, 100 గ్రా: 380 కేలరీలు, ప్రొటీన్ 13 గ్రా
– పప్పులు, ఉడికించనివి, 100 గ్రా: 350 కేలరీలు, ప్రొటీన్ 22–24 గ్రా
– గుడ్డు, పెంకు తీసి 50 గ్రా: 72 కేలరీలు, ప్రొటీన్ 6 గ్రా
– వెన్న తీయని పాలు, 100 మి.లీ.: 62–65 కేలరీలు, ప్రొటీన్ 3.2 గ్రా
– బంగాళాదుంప, పచ్చిది, 100 గ్రా: 77 కేలరీలు, ప్రొటీన్ 2 గ్రా
– అరటిపండు, తొక్క తీసి 100 గ్రా: 89 కేలరీలు, ప్రొటీన్ 1 గ్రా
– వేరుశనగ గింజలు, 100 గ్రా: 567 కేలరీలు, ప్రొటీన్ 25 గ్రా

వేరుశనగను ప్రొటీన్ కోసమని గుప్పిళ్లకొద్దీ తినేవారు ఈ చివరి వరసను ఇంకోసారి చూడాలి. ప్రొటీన్ ఉన్న మాట నిజమే. కేలరీల్లో ఎక్కువ భాగం కొవ్వు నుంచి వస్తుంది.

5. లక్ష్యం అంకెలు పెట్టుకోవడం

కేలరీలు: నిలకడ అంకెకు 250–500 కలపండి. కొత్తగా మొదలుపెట్టినవారు, బాగా సన్నగా ఉన్నవారు పై అంచుకు దగ్గరగా వెళ్లొచ్చు. ఏళ్ల తరబడి బరువులు ఎత్తుతున్నవారికి 250 సరిపోతుంది. అనుభవం పెరిగేకొద్దీ కండ పెరిగే వేగం తగ్గుతుంది, మిగిలిన తిండి కొవ్వుగా చేరుతుంది.

ప్రొటీన్: ఒంటి బరువులో కిలోకు 1.6–2.2 గ్రాములు. 1.6 దాటాక అదనపు లాభం తగ్గుతూ వస్తుంది. ఒంట్లో కొవ్వు బాగా ఎక్కువున్నవారు ఇప్పటి బరువుతో కాకుండా, తమ ఎత్తుకు తగిన బరువుతో లెక్కవేసుకుంటే అంకె అనవసరంగా పెరగదు.

కొవ్వు: కిలోకు 0.8–1 గ్రాము. దీన్ని బాగా తగ్గించడం మంచిది కాదు.

పిండి పదార్థాలు: మిగిలిన కేలరీలన్నీ. వర్కవుట్‌కు ఇంధనం ఇవే, భయపడకండి.

70 కిలోల బరువు, 2,350 కేలరీలతో బరువు నిలకడగా ఉన్న వ్యక్తికి లెక్క:

– లక్ష్యం: 2,350 + 300 = 2,650 కేలరీలు
– ప్రొటీన్: 70 × 1.8 = 126, అంటే 125 గ్రాములు, 500 కేలరీలు
– కొవ్వు: 65 గ్రాములు, 585 కేలరీలు
– మిగిలింది 1,565 కేలరీలు, 4తో భాగిస్తే సుమారు 390 గ్రాముల పిండి పదార్థాలు

ప్రొటీన్‌ను 3–5 పూటలకు పంచండి. పూటకు కిలోకు 0.4 గ్రాముల చొప్పున 4 పూటలు తింటే 1.6 దానంతటదే వస్తుంది. డైరీలో పూటల వారీగా చూస్తే చాలామందికి కనబడేది ఒకటే: ఉదయం 8 గ్రాములు, రాత్రి 60. మొత్తం సరిపోతే పెద్ద నష్టం లేదు. కానీ మొత్తం అందకపోతే ముందు సరిచేయాల్సింది ఉదయం పూటనే, అక్కడే ఖాళీ ఉంది.

రోజూ అంకె గురి చూసి కొట్టనక్కర్లేదు. కేలరీల్లో 100 అటూ ఇటూ, ప్రొటీన్‌లో 10 గ్రాములు అటూ ఇటూ అయితే లక్ష్యం అందినట్టే.

6. రోజువారీ వరస

☐ ఉదయం: బరువు, నిద్ర రాయండి.
☐ ముందే తెలిసిన పూటలను అప్పుడే పెన్సిల్‌తో రాసుకోండి. మిగిలిన కేలరీలు, ప్రొటీన్ ఎంతో తెలుస్తుంది.
☐ ప్రతి పూటా తినే ముందు తూచండి, వెంటనే రాయండి.
☐ పళ్లెంలో మిగిల్చినదాన్ని తూచి తీసేయండి.
☐ పెన్సిల్‌తో రాసినదాన్ని తిన్నాకే పెన్నుతో ఖాయం చేయండి.
☐ వర్కవుట్ అయ్యాక ముఖ్యమైన 3–5 వ్యాయామాల బరువు, రెప్స్.
☐ పడుకునే ముందు మొత్తం, "పూ" లేదా "అ".

అనుకున్నది వేరు, తిన్నది వేరు. యాప్‌లో నిన్నటి భోజనాన్ని కాపీ చేసి అలాగే వదిలేసేవారి డైరీలు చూడడానికి అచ్చు గుద్దినట్టు ఉంటాయి, బరువు మాత్రం వాటి మాట వినదు.

7. వారం లెక్క

వారంలో ఒకే రోజు, ఒకే సమయంలో కూర్చోండి. 15 నిమిషాల పని.

☐ "పూ" రోజులు 5కు తగ్గితే ఆ వారం ఏ నిర్ణయమూ వద్దు.
☐ 7 ఉదయాల బరువు సగటు.
☐ "పూ" రోజుల కేలరీల సగటు, ప్రొటీన్ సగటు.
☐ రెండు వారాలకోసారి బొడ్డు దగ్గర నడుము కొలత. ఉదయం, మామూలుగా ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా.
☐ బరువులు, రెప్స్ పెరిగాయా?

ఒక్కరోజు బరువు చూసి నిర్ణయం తీసుకోకండి. ఉప్పు ఎక్కువైన భోజనం, ఆలస్యమైన టాయిలెట్, కష్టమైన వర్కవుట్ తర్వాతి వాపు, ఇవన్నీ కిలో దాకా కదిలించగలవు. కండరాల్లో నిల్వ ఉండే ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో (పిండి పదార్థాల నిల్వ రూపం) దాదాపు 3 గ్రాముల నీరు చేరుతుంది. అందుకే తిండి పెంచిన మొదటి వారం బరువు గభాల్న పెరుగుతుంది. క్రియాటిన్ అనే సప్లిమెంట్ మొదలుపెట్టినవారికి కూడా అంతే. ఆ మొదటి వారాన్ని లెక్కలోంచి తీసేసి, రెండో వారం నుంచి చూడండి. నెలసరి వచ్చేవారు ఈ వారాన్ని పోయిన వారంతో కాకుండా, పోయిన నెల ఇదే దశతో పోల్చాలి.

వారానికి ఒంటి బరువులో 0.25–0.5 శాతం పెరుగుదల మంచి వేగం. 70 కిలోలకు అది 175–350 గ్రాములు. బాగా అనుభవం ఉన్నవారికి కింది అంచు, ఒక్కోసారి అంతకంటే తక్కువ.

ఇక నిర్ణయం:

– వేగం హద్దులోనే ఉంది, ఎత్తే బరువులు పెరుగుతున్నాయి: ఏదీ ముట్టుకోకండి.
– రెండు వారాలుగా బరువు సగటు కదలలేదు, డైరీ పూర్తిగా ఉంది: రోజుకు 150–200 కేలరీలు కలపండి, ముందు పిండి పదార్థాల నుంచి.
– రెండు వారాలుగా 0.5 శాతం దాటింది, నడుము కూడా పెరిగింది: 150–200 తగ్గించండి. ప్రొటీన్ తగ్గించకండి.
– బరువు పెరుగుతోంది, ఎత్తే బరువులు కదలడం లేదు: తిండి పెంచడం దీనికి జవాబు కాదు. నిద్ర, వర్కవుట్ ప్లాన్, ప్రొటీన్ సగటు చూడండి.
– బరువు నిలిచింది, కానీ నడుము తగ్గుతూ బలం పెరుగుతోంది: కొత్తవారిలో ఇది జరుగుతుంది. కండ చేరుతూ కొవ్వు కరుగుతోంది. 4 వారాలు అలాగే ఉండండి.

ఒకసారి ఒక్కటే మార్చండి. మార్చాక రెండు వారాలు ఆగండి. కేలరీలు, వర్కవుట్ ప్లాన్, సప్లిమెంట్ మూడూ ఒకే వారం మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో డైరీ కూడా చెప్పలేదు.

8. తరచూ జరిగే తప్పులు, సవరణలు

రాత్రి కూర్చుని గుర్తుతెచ్చుకుని రాయడం. పాలు కలిపిన కాఫీలు, రుచి చూసిన ముక్కలు, పిల్లలు వదిలేసినవి, చేతిలోకి తీసుకున్న గింజలు జ్ఞాపకంలో ఉండవు. సవరణ: వెంటనే రాయడం కుదరకపోతే ఫోన్‌లో ఫొటో. రాత్రి ఫొటోలు చూసి రాయండి.

వ్యాయామంలో ఖర్చైన కేలరీలు కలుపుకోవడం. చేతి వాచ్ 400 చూపిందని అంత అదనంగా తింటారు. మీ నిలకడ అంకెను వర్కవుట్ చేస్తూనే లెక్కించారు కాబట్టి ఆ ఖర్చు అందులో ముందే ఉంది. మళ్లీ కలిపితే రెండుసార్లు లెక్కించినట్టు. వాచ్ అంచనాల్లో తప్పు కూడా ఎక్కువే. సవరణ: వాచ్‌కీ యాప్‌కీ ఉన్న అనుసంధానం తీసేయండి.

వారాంతం రాయకపోవడం. ఐదు రోజులు 300 ఎక్కువ తిని, రెండు సెలవు రోజుల్లో ఆలస్యంగా లేచి ఒక పూట మానేసి 700 తక్కువ తింటే వారం మొత్తానికి మిగిలేది 100. బరువు కదలకపోవడంలో వింత లేదు. సన్నగా ఉన్నవారి డైరీల్లో కనిపించే కారణాల్లో ఇదొకటి. సవరణ: సెలవు రోజుకు ప్రత్యేకంగా ఒక సులువైన పూటను ముందే రాసి పెట్టుకోండి.

"ఒక కప్పు", "ఒక మీడియం ముక్క" అని రాయడం. కప్పుకూ కప్పుకూ, చేతికీ చేతికీ కొలత మారుతుంది. సవరణ: గ్రాములు మాత్రమే. ద్రవాలకు మి.లీ.

ప్రొటీన్ ఒక్కటే చూడటం. ప్రొటీన్ లక్ష్యం రోజూ అందుతున్నా కేలరీలు తక్కువైతే కండ పెరగడం కష్టమవుతుంది. ప్రొటీన్ కడుపు నింపుతుంది కాబట్టి దాన్ని మరీ పెంచితే మిగతా తిండి లోపలికి పోదు. సవరణ: కిలోకు 2.2 గ్రాములు దాటి ఉంటే తగ్గించి, ఆ చోటు పిండి పదార్థాలకు ఇవ్వండి.

అంత తినలేకపోవడం. గమనిక గడి ఇక్కడ పనికొస్తుంది. ఏ పూట దగ్గర "కడుపు నిండింది" అని పదేపదే ఉందో చూడండి. సవరణలు: ఆ పూట నీళ్లు, పచ్చి కూరగాయల సలాడ్ రెండింటినీ భోజనం ముగిశాకే తీసుకోండి. ఒక పూటను తాగేదిగా మార్చండి. 300 మి.లీ. పాలు, 40 గ్రాముల ఓట్స్, ఒక అరటిపండు, 20 గ్రాముల పీనట్ బటర్ మిక్సీ పడితే సుమారు 550 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్. నమలాల్సిన పని లేదు. అయితే కూరగాయలు మొత్తంగా మానేయకండి, పీచు తగ్గితే మలబద్ధకం వస్తుంది, ఆకలి ఇంకా చస్తుంది.

ఒక రోజు తప్పగానే వారం వదిలేయడం. "అ" గుర్తు ఉన్నది అందుకే. గుర్తు పెట్టి మర్నాడు ఉదయం బరువుతో మళ్లీ మొదలుపెట్టండి. నిన్న తక్కువైందని ఈరోజు రెట్టింపు తినకండి.

9. ఎంతకాలం, ఎప్పుడు తగ్గించాలి

8–12 వారాలు పూర్తిస్థాయిలో రాస్తే మీ వంటలు, మీ గిన్నెలు, మీ అంకెలు చేతికొస్తాయి. ఆ తర్వాత దశలవారీగా తగ్గించండి.

ముందుగా ఆకుకూరలు, కీర, టమాటా వంటివి తూచడం ఆపండి. నూనె, గింజలు, అన్నం, మాంసం మాత్రం ఇంకా తూచాలి.

తర్వాత ఒక పరీక్ష. తూచే ముందు అంచనా పెన్సిల్‌తో రాసి, ఆపైన తూచండి. వరసగా 10 సార్లు ఒక పదార్థం బరువును 10 శాతం లోపు తేడాతో చెప్పగలిగితే దాన్ని ఇక తూచనక్కర్లేదు. అన్నం తొందరగా అబ్బుతుంది. నూనె, పీనట్ బటర్ ఈ పరీక్షలో చాలాకాలం నెగ్గవు, వాటికి స్కేల్ వదలకండి.

ఆఖరి దశలో రాయాల్సినవి మూడే: ఉదయం బరువు, రోజు ప్రొటీన్, ఎత్తిన బరువులు. బరువు సగటు 3 వారాలు వరసగా నిలిచిపోయినా, పని వేళలు మారినా, వర్కవుట్ రోజుల సంఖ్య మారినా, కొవ్వు తగ్గించే దశకు మారుతున్నా మళ్లీ 14 రోజులు పూర్తి డైరీ రాయండి. పాత నిలకడ అంకెను అప్పుడు వాడకండి. ఒంటి బరువు మారింది కాబట్టి ఆ అంకె కూడా మారి ఉంటుంది.